మంచి యేటి పరీక్ష

కరువు వచ్చిన యేట మనుష్యుని గుణము బయటపడునని పెద్దలందురు. ఈ అధ్యాయమున నేను విన్నవింపబోవునది దానికి కొంచెము భిన్నమైన మాట. కరువునాడు మన చేతిలో నుండునది మిక్కిలి స్వల్పము. లేనిదానిని దాచుట యెట్లు, రానిదానిని లెక్కించుట యెట్లు? నిజమైన పరీక్ష జరుగునది పంట పండి, ధర పలికి, ఆదోని మార్కెట్ యార్డులో కాటా ముగిసి, కమీషన్ మండీలో లెక్క తేలి, నోట్లకట్టను లోపలి జేబులో భద్రపరచుకొని, ఎమ్మిగనూరు మీదుగా గోనెగండ్లకు బస్సెక్కిన సాయంకాలమున. ఆ కిటికీ ప్రక్కన కూర్చున్న మీ మనస్సులో మెదలు ఆలోచనలే రాబోవు పది సంవత్సరముల మీ సంసారగతిని చాలవరకు నిర్ణయించును.

ఆ ప్రయాణము మీకు జ్ఞాపకమున్నదా? బస్సు ఎమ్మిగనూరు దాటునప్పటికి మోటారు సైకిలు కొనుట నిశ్చయమైనది. గోనెగండ్ల దీపములు కనబడునప్పటికి మిద్దెమీద మిద్దె లేచినది. ఇంటి గడప తొక్కునప్పటికి బావమరది పెండ్లికి చదివింపు లెంతయో కూడ తేలిపోయినది. విత్తనాల అంగడి బాకీ మాత్రము దారి పొడవునను ఎచ్చటను జ్ఞప్తికి రాలేదు! సిగ్గుపడకుడు. ఈ పొరపాటు చేయనివాడు మన సీమలో అరుదు. ఈ వ్రాయువాడును ఆ బస్సులో పలుమారు ప్రయాణించినవాడే.

మన పడమటి కర్నూలు నేల స్వభావమును ఒకమారు తలచుకొనుడు. నల్లరేగడి బలమైనదే, కాని వాన తన యిచ్ఛ వచ్చినట్లు వచ్చును. తుంగభద్ర దిగువ కాలువ నీరు ఎగువవారిని దాటి చివరి భూములకు చేరునా యన్నది ప్రతియేటను సందేహమే. హంద్రీ మీది గాజులదిన్నె జలాశయము నిండిన యేడు పండుగ, నిండని యేడు దిగులు. ధరల సంగతి చెప్పనక్కరలేదు. 2023 జూలైలో కిలో నూరు రూపాయలు దాటిన టమోటా, మరికొన్ని ఋతువులలో కోత కూలికైనను చాలక పత్తికొండ దారిలో పారబోయబడుటను మనము కన్నులార చూచినవారము. ఇట్టి చోట నెలజీతపు ఉద్యోగికి చెప్పు పొదుపు సూత్రములు యథాతథముగా చెల్లవు. మనకు ఆదాయము నెలనెల రాదు. ఏ మూడేండ్లకో నాలుగేండ్లకో ఒకమారు వరదవలె వచ్చును. ఆ వరదను చెరువుగా నిలుపగల గుణములేవి? ఒకే వంకకు నీరు త్రాగు రెండు చేల యజమానులలో ఒకడు పదునైదేండ్లకు అప్పులేనివాడై, మరొకడు అమ్ముకొనుటకు చేనైనను మిగులనివాడగుట యేల? తెలివిలో భేదము కొంచెమే. అలవాట్లలో భేదము అపారము. ఆ అలవాట్లను ఒక్కొక్కటిగా పరిశీలింతము.

1. లెక్కకు వెరవకుడు

మొదటి గుణము సత్యము; అదియును తనతో తాను పలుకవలసిన సత్యము. "ఈ తూరి పత్తికి ఎంత మిగిలిందప్పా?" అని రచ్చకట్ట మీద ఎవరైన అడిగినచో, "ఎకరాకు యాభై వేలొచ్చింది" అని మనము ప్రత్యుత్తరమిత్తుము. అడిగినది మిగిలినదానిని గూర్చి. చెప్పినది వచ్చినదానిని గూర్చి. ఈ రెంటి నడుమ నున్న అగాధములోనే ఎన్నియో కుటుంబములు మునిగిపోయినవి.

ఒక నలువది పుటల నోటుపుస్తకము కొనుడు. ఎడమ పుటలో పోయినది, కుడి పుటలో వచ్చినది వ్రాయుడు. విత్తనము, ఎరువు, మందు, సేద్యపు ఖర్చు, కలుపు కూలి, పత్తి తీయు కూలి, ట్రాక్టరు బాడుగ, హమాలి, కమీషను, చివరకు అప్పుమీది వడ్డీ: ఇవి యన్నియు ఎడమ పుటలో చేరవలసినవే. పూర్వము మన కోమటి అంగళ్లలో చిట్టా, ఆవర్జా యని రెండు పుస్తకము లుండెడివి. నాటి వ్యవహారము నాడే చిట్టాకెక్కక దీపము ఆర్పెడివారు కారు. మనకు ఆవర్జా అక్కరలేదు, చిట్టా చాలును.

ఇందు సాధారణముగా దొర్లు పొరపాట్లు మూడు. మీరును మీ ఇల్లాలును చేసిన చాకిరికి కూలి కట్టకపోవుట మొదటిది. పరుల చేనికి పోయిన వచ్చెడి కూలి యెంతయో అంత వ్రాయుడు, అప్పుడుగాని ఆ పంట మీకు లాభమిచ్చినదా, లేక మీ కష్టమును ఉచితముగా తినివేసినదా తెలియదు. సంవత్సరాంతమున జ్ఞాపకము నుండి వ్రాయుట రెండవది. జ్ఞాపకము మనకు ఇష్టమైన అంకెలనే అందించును. ఇంటివారికి చెప్పక అప్పు చేయుట మూడవది, అన్నింటికంటె ప్రమాదకరమైనది. భార్యకు తెలియని అప్పు చీకటిలో పెరుగు కలుపువంటిది. వారమునకొకమారు ఆ పుస్తకమును ఇద్దరును కలసి చూడుడు. చదువురానిచో బడికి పోవు బిడ్డచేత చదివించుకొనుడు. ఆ బిడ్డకు దానికంటె మంచి గణితపాఠము ఏ పాఠశాలలో దొరకును?

2. ముందు పాతర నింపుడు

మన తాతల నాట జొన్న పండిన యేడు ఇంటివాడు చేయు మొదటి పని పాతర నింపుట. గట్టి నేలలో గొయ్యి త్రవ్వి, అడుగునను ప్రక్కలను గడ్డి పరచి, జొన్నలు పోసి, పైన మన్ను కప్పి, తరువాతనే మిగిలిన గింజలను అంగడికి తోలెడివారు. 1876లో ధాతు నామ సంవత్సరమున మొదలైన మహాక్షామము బళ్ళారి, కర్నూలు సీమలను ఎట్లు పీడించినదో విని పెరిగిన తరములవి. పాతరయన్న వారికి ఆస్తి యను భావము లేదు, ప్రాణమను భావమే కలదు.

నేడు జొన్న పాతరలు పూడిపోయినవి. వాని స్థానమున మీరేమి నిర్మించితిరి? దీనికి ఉత్తరము లేనిచో ఇట్లు చేయుడు. మీ యిల్లు ఒక సంవత్సరము గడచుటకు తిండి, మందులు, బడి, దీపము నిమిత్తము ఎంత కావలయునో నోటుపుస్తకము చూచి తేల్చుడు. ఆ మొత్తము మీ పాతర. మంచి యేట చేతికి వచ్చినదానిలో మూడవ వంతు, ఏ కోరిక తీర్చుకొనకముందే, బ్యాంకులో వేరొక ఖాతాకు పోవలెను. నిత్యము వాడు ఖాతాలో నుంచినచో అది పాతర కాదు, వాకిలిలో పోసిన గింజ. పోవువారెల్లరు పిడికెడు తీసికొందురు. ఒక్క బ్యాంకులో ఒక్కొక్క ఖాతాదారుని డిపాజిట్లకు వడ్డీతో కూడ 5 లక్షల రూపాయల వరకు బీమా రక్షణ 2020 నుండి కలదు గనుక ఈ పైకమునకు భయములేదు.

పాతరకు మూత యెంత ముఖ్యమో పొదుపునకు బీమా అంత ముఖ్యము. ప్రధానమంత్రి సురక్షా బీమాకు సంవత్సరమునకు 20 రూపాయలు. ప్రమాదమున మరణించినచో కుటుంబమునకు 2 లక్షలు. జీవనజ్యోతి బీమాకు 436 రూపాయలు. ఏ కారణమున మరణించినను 2 లక్షలు, చేరుటకు వయఃపరిమితి 18 నుండి 50 ఏండ్లు. రెండును కలసి 456 రూపాయలు. జాతరలో ఒక్కపూట ఖర్చు ఇంతకంటె తక్కువగునా?

3. వజ్రము వెదకువాని పదును తప్పును

తొలకరి జల్లు పడగానే తుగ్గలి, జొన్నగిరి, పగిడిరాయి ప్రాంతముల చేలలో మీరొక దృశ్యమును చూచియుందురు. స్త్రీలును పురుషులును తలలు వంచుకొని, కన్నులు నేలకు గ్రుచ్చి, మెరయు రాయి కొరకు గంటలకొలది వెదకుచుందురు. దూరపు జిల్లాల నుండి మూటాముల్లెతో వచ్చి చెట్లక్రింద వండుకొని తినువారును కలరు. ఎవరికో ఒకరికి నిజముగనే వజ్రము దొరకును. మరునాడు పత్రికలో వచ్చును. వట్టి చేతులతో తిరిగి పోయిన వేలమందిని గూర్చి ఏ పత్రికయు వ్రాయదు. అంతకంటె విచారకరమైన సంగతి యొకటి కలదు: వారిలో సేద్యగాడైనవానికి, అక్కడ వెదకుచున్న ఆ దినములలోనే, తన చేనిలో విత్తుటకు వలసిన పదును తప్పిపోయినది.

ధనార్జనలో ఓర్పు లేమికి ఇంతకంటె మంచి దృష్టాంతము నాకు తెలియదు. వజ్రముల వేట నేలమీదనే జరుగునని భ్రమపడకుడు. ఏడాదిలో రెట్టింపు చేసి యిత్తుమను కంపెనీ, ఊరు పేరు లేని చీటీ, సెల్‌ఫోనులో ఆడు పందెపు ఆట: ఇవియును వజ్రపు చేలే. వీనిని పరీక్షించుటకు ఒక చిన్న సూత్రము చెప్పెదను, కంఠస్థము చేయుడు. 72ను వడ్డీ శాతముతో భాగించిన, సొమ్ము రెట్టింపగుటకు పట్టు సంవత్సరములు సుమారుగా వచ్చును. ఏడు శాతము వచ్చు డిపాజిట్టు పదేండ్లకు రెట్టింపగును. ఏడాదికే రెట్టింపని ఎవడైన చెప్పినచో, నూటికి నూరు వడ్డీ యిచ్చెదనని అర్థము. అంత లాభము వచ్చు వ్యాపారము నిజముగా నున్నవాడు మీ యింటి వాకిట నిలువబడి మీ అసలును యాచించునా?

సొమ్ము కట్టకముందు రెండు ప్రశ్న లడుగుడు. చీటీ యైనచో, 1982 నాటి చిట్‌ఫండ్ చట్టము క్రింద రిజిస్టరైనదా? డిపాజిట్టు యోజన యైనచో, దానిపై అధికారము చేయు ప్రభుత్వసంస్థ యేది? అనుమతి లేని డిపాజిట్టు యోజనలను 2019లో చట్టమే నిషేధించినది. ఈ ప్రశ్నలకు ఎదుటివాడు కోపగించుకొనినచో, మీకు ఉత్తరము దొరికినట్లే.

ఓర్పుయొక్క వేరొక రూపము యార్డులో కనబడును. 2025-26లో పొడుగు పింజ పత్తికి ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 8,110 రూపాయలు. కాని తేమ 12 శాతము మించినచో భారత పత్తి సంస్థ కొనదు, 8 శాతము దాటినకొలది ధర తగ్గును. మంచులో తీసిన పత్తిని నాలుగు దినములు ఎండబెట్టు ఓర్పు లేక మూటగట్టి తోలినవాడు, తేమ పేరిట దళారి చెప్పిన ధరకు తలయూపి వచ్చును. ఆ నాలుగు దినముల కూలి యెంతయో మీరే కట్టి చూడుడు.

4. అప్పు స్వరూపమెరిగి అప్పు చేయుడు

అప్పే చేయరాదని మన నేలలో చెప్పుట గాలి పీల్చరాదని చెప్పుటవంటిది. చేయవలసినదే, కాని దాని స్వరూపమెరిగి చేయవలెను. "నూటికి రెండే కదన్నా" అని మనము తేలికగా అందుము. నూటికి నెలకు రెండనగా ఏటికి ఇరువదినాలుగు. పైన చెప్పిన సూత్రము ననుసరించి, కట్టని వడ్డీ అసలులో కలియుచు పోయినచో ఆ అప్పు మూడేండ్లకు రెట్టింపగును. డిపాజిట్టుకు పదేండ్లు పట్టిన పని అప్పునకు మూడేండ్లలో పూర్తియగును!

ఒక లెక్క చూడుడు. 25 వేల రూపాయల చేబదులుకు నూటికి రెండు చొప్పున నెలకు 500 వడ్డీ. పదేండ్లు తప్పక కట్టినవాడు 60 వేలు చెల్లించియును ఇంకను 25 వేలకు బాకీదారుడే. అదే 500 రూపాయలు నెలనెల ఏడు శాతము వడ్డీకి రికరింగ్ డిపాజిట్టులో వేసినవానికి పదేండ్లకు సుమారు 86 వేలు చేతికి వచ్చును. ఇరువురును కట్టినది ఒకే మొత్తము. ఇరువురికిని ఒకే క్రమశిక్షణ. ఒకడు నిన్నటి దినమునకు కట్టెను, మరొకడు రేపటి దినమునకు కట్టెను.

ఇక చేయవలసినవి. ఒకటి: అప్పులన్నియు ఒక కాగితముపై వడ్డీ వరుసను వ్రాయుడు, మంచి యేట ముందుగా తీర్చవలసినది హెచ్చు వడ్డీ అప్పు. మనము చేయు పొరపాటేమనగా గొంతు పెద్దదైన అప్పులవానికి ముందు కట్టి, వడ్డీ పెద్దదైన అప్పును మౌనముగా పెరుగనిత్తుము. రెండు: కిసాన్ క్రెడిట్ కార్డుపై 3 లక్షల వరకు పంటఋణమునకు ఏడు శాతము వడ్డీ; గడువులోగా చెల్లించినవానికి మూడు శాతము తగ్గి నాలుగే పడును. ఏటికి నాలుగు శాతమునకు దొరకు సొమ్మును గడువు మీర్చి పోగొట్టుకొని, ముప్పదియారు శాతమునకు చేబదులు తెచ్చుట వివేకమగునా? మూడు: పంటకని తెచ్చిన ఋణము పంటకే పోవలెను. పెండ్లిలో ఖర్చయిన పంటఋణము మొలకెత్తదు. నాలుగు: మండీలో ముందుగా తెచ్చుకొను అడ్వాన్సును వట్టి అప్పని తలంపకుడు. అది మీ పత్తికి వేసిన పలుపు. దానిని కట్టుకొన్నవాడు ధర నచ్చకున్నను ఆ గుంజ విడిచి మరొక చోటికి పోలేడు.

5. పరపతి యను ఆస్తి

మన భాషలో ఒక చక్కని మాట కలదు: పరపతి. గౌరవమునకును ఆ మాటయే, అప్పు పుట్టు యోగ్యతకును ఆ మాటయే. వ్యవసాయ పరపతి సంఘమని బోర్డు వ్రాసిన పెద్దలు ఈ రెండర్థములును ఎరిగియే వ్రాసినట్లు తోచును. మాట నిలుపుకొనువానికి సొమ్ము చౌకగా దొరకును. మాట తప్పినవాడు అదే సొమ్మును హెచ్చు వడ్డీకి తెచ్చుకొనును. గుణము నేరుగా ధనముగా మారు స్థలమిది.

నిదర్శనము మన జిల్లాలోనే కలదు. 1990ల నడుమ ఓర్వకల్లు మండలమున నిరుపేద స్త్రీలు దినమునకొక రూపాయి చొప్పున పొదుపు చేయ మొదలుపెట్టిరి. ఆ రూపాయితో ఏమి వచ్చునని నవ్వినవారు లేకపోలేదు. కాని వారము తప్పక కూడుట, పుస్తకములో వ్రాయుట, తీసికొన్నది చెప్పిన దినమున కట్టుట యను మూడు నియమములు క్రమముగా ఒక మండల సమాఖ్యగా పెరిగి, బ్యాంకులు నమ్మకముతో అప్పులిచ్చు స్థితికి వారిని తెచ్చినవి. హామీగా వ్రాసి యిచ్చుటకు వారికి భూమి లేదు. మాట ఒక్కటియే యుండెను.

మీరు చేయవలసినది సులభమే. కట్టలేని వాయిదా వచ్చుచున్నదని తెలిసిన నాడే, గడువు రాకముందే, ఇచ్చినవాని యింటికి పోయి, "అన్నా, ఈ నెల అయ్యేట్టు లేదు, సగం తీసుకో, తక్కింది శనక్కాయలు అమ్మినాక ఇస్తా" అని ముఖాముఖి చెప్పుడు. సందు మార్చి తిరుగుట, ఫోను ఎత్తకుండుట వలన మీరు దాచుకొన్నది వాయిదా సొమ్ము కాదు, పోగొట్టుకొన్నది పరపతి.

6. కలసి నడచుటయు ఒక గుణమే

ఆర్థికవిజయము ఒంటరి వీరుని సాహసమని కథలలో చదువుదుము. మన ప్రక్క ఊరి చరిత్ర వేరు విధముగా చెప్పుచున్నది. ఆదోని తాలూకా ఇంకను బళ్ళారి జిల్లాలో నుండిన కాలమున, 1938లో, పద్మశ్రీ మాచాని సోమప్పగారి పూనికతో ఎమ్మిగనూరు చేనేతకారుల సహకార ఉత్పత్తి విక్రయ సంఘము వెలసినది. నేతగాని కష్టమేమి? నూలు అప్పు పెట్టువాడే బట్ట కొనువాడు. రెండు తక్కెడలును అతని చేతిలోనివే. సంఘము నూలిచ్చి, నేసిన బట్ట తీసికొని, మజూరీ చెల్లించి, అమ్మకపు భారమును తానే వహించినప్పుడు, మగ్గము ముందు కూర్చున్నవాని చేతికి బేరమాడు బలము వచ్చినది. తరువాతి దశాబ్దములలో చేనేతతో పాటు సంఘమునకును గడ్డుకాలము వచ్చిన మాట సత్యమే. అంతమాత్రమున ఎమ్మిగనూరు దుప్పటికి పేరు తెచ్చిన ఆ కాలము అసత్యము కాదు.

దీనినుండి మీకును నాకును ఏమి ప్రయోజనము? నలుగురు రైతులు కలసి విత్తనము, ఎరువు కొనినచో బాడుగ తగ్గును. నలుగురు కలసి లారీ మాట్లాడినచో యార్డులో తొందరపడి అమ్ముకొనవలసిన అగత్యము తప్పును. అయితే ఒక హెచ్చరిక: స్నేహమున్న చోట లెక్క అక్కరలేదను పొరపాటు మన పొత్తులను చెడగొట్టుచున్నది. లెక్క సరిగా నున్న చోటనే స్నేహము నిలుచును. పొత్తు కుదిరిన దినముననే ఒక కాగితముపై ఎవరిదెంత, నష్టము వచ్చిన ఎవరెంత భరింతురు అని వ్రాసి అందరును సంతకములు చేయుడు. లాభము పంచుకొనుట అందరికిని వచ్చును. పొత్తు పరీక్షకు నిలుచునది నష్టము పంచుకొనునాడే.

7. "ఇప్పుడు కాదు" అనగల ధైర్యము

చివరి గుణము అతి కఠినమైనది, ఏలయన ఇందు మన శత్రువులు మనకు ప్రియమైనవారే. మంచి యేడు వచ్చినదని ఊరికి తెలిసిన మరుక్షణమున చేబదులు లడుగువారు, చీరెలడుగువారు, నీలకంఠేశ్వరుని జాతరకు బండి కట్టుమనువారు బయలుదేరుదురు. "నలుగురేమనుకుంటారు?" అను ప్రశ్నకు మన సీమలో తాకట్టుపడిన చేల సంఖ్య చెప్పనలవి కాదు. ఆ నలుగురు పెండ్లి భోజనము చేసి, మరునాడు పప్పులో ఉప్పు తక్కువైనదని చెప్పుకొని మరచిపోవుదురు. వడ్డీ మాత్రము మరచిపోదు.

నేను లోభిత్వమును బోధించుట లేదు. బిడ్డ పెండ్లి చేయవలదా? చేయవలెను. పండుగకు కొత్తబట్ట కట్టవలదా? కట్టవలెను. కాని ఒక నియమము పెట్టుకొనుడు: పెద్ద మొత్తము చేతికి వచ్చినప్పుడు అది ఒక పక్షము దినములు బ్యాంకులో నిద్ర చేయవలెను. పాతరకు, అప్పులకు, వచ్చు ఋతువు పెట్టుబడికి పోవలసినది మాత్రము వెంటనే పోనిండు. తక్కిన ఏ ఖర్చునైనను పదునైదవ దినము తరువాతనే నిశ్చయింపుడు. బస్సులో పుట్టిన కోరికలలో సగము ఆ పక్షములోనే సమసిపోవును; మిగిలిన సగము నిజమైన అవసరములు. అడిగినవారికి, "బ్యాంకులో ఏసినాప్పా, గడువుకు గాని రాదు" అని చెప్పుటకును ఒక నిజమైన కారణము దొరకును. మొగము చెల్లక పోవువానికి ఇంతకంటె మంచి తోడేది?

ఒక సందేహము, దానికి సమాధానము

ఇంతవరకు చదివిన వారిలో ఒకరు నన్ను నిలదీయవచ్చును: "అయ్యా, మంచి యేడే రానివాని మాటేమి? సెంటు భూమి లేక, కోసిగి, మంత్రాలయము వైపు నుండి ఇంటికి తాళము వేసి గుంటూరు మిరపచేలకు సుగ్గికి, అనగా కోతపనుల వలసకు, పోవువానికి ఈ గుణములు లేవందురా?" ఈ ప్రశ్న న్యాయమైనది. నా ఉత్తరము కూడ స్పష్టమైనది: ఓర్పు, పొదుపు, కష్టించు శక్తి సుగ్గికి పోవు కుటుంబమునకున్నంత మనలో పలువురకు లేదు. అక్కడ కొరవడినది నీరు, భూమి, ఊరిలో పని. వానిని సమకూర్చుట ప్రభుత్వముయొక్కయు సమాజముయొక్కయు ధర్మము. పేదరికము కనబడిన చోటనెల్ల గుణలోపమును వెదకుట గుణవంతుని లక్షణము కాదు.

దీనికొక నిదర్శనము చూడుడు. అమెరికాలో స్టాన్‌ఫర్డు పండితుడు వాల్టర్ మిషెల్ పసిపిల్లల ముందు తీపి తినుబండారమునుంచి, కొంతసేపు ఆగినవారికి రెండవది యిత్తునని చెప్పి పరీక్షించెను. ఆగగల పిల్లలే పెరిగిన పిదప రాణించిరని చాలకాలము చెప్పుకొనిరి. 2018లో మరింత పెద్ద సంఖ్యలో పిల్లలను పరిశీలించినవారు, ఇంటి పరిస్థితులను కూడ లెక్కలోనికి తీసికొనినచో ఆ భేదము చాలవరకు తగ్గిపోవునని తేల్చిరి. రేపు తప్పక దొరకునను నమ్మకమున్న యింటి బిడ్డ ఆగగలడు. రేపటిమీద ఆశలేని బిడ్డ నేడే తినును. కావున మీ బిడ్డకు ఓర్పు నేర్పదలచినచో ఉపన్యసింపకుడు. ఇచ్చిన మాట తప్పక నిలుపుడు. జాతరలో కొనిత్తునన్న బొమ్మను జాతరలో కొనియిండు.

సుగ్గికి పోవువారికి చేతనైన మేలు కూడ కొంత కలదు. మేస్త్రి యిచ్చిన అడ్వాన్సును, పనిచేసిన దినములను, కోసిన తూకమును ప్రతిరాత్రియు వ్రాసికొనుడు. కూలిని సంచిలో కాక ఖాతాలో తెచ్చుకొనుడు. ఎట్లైనను బిడ్డను బడి మాన్పించి వెంట తీసికొనిపోకుడు. ఆ బిడ్డ చదువే ఆ యింటికి రాబోవు మొదటి మంచి యేడు.

ఈ నెలలో చేయవలసినవి

మొదటి వారము నోటుపుస్తకము కొని, ఇల్లాలితో కూర్చుండి, అప్పులన్నియు వడ్డీ వరుసను వ్రాయుడు. రెండవ వారము పాతర ఖాతా తెరచి, ఎంత స్వల్పమైనను మొదటి మొత్తము వేయుడు. అక్కడనే బీమాలు రెంటికిని సంతకము చేయుడు. మూడవ వారము కిసాన్ కార్డు గడువు తేదీని కనుగొని గోడమీది క్యాలెండరులో గుండ్రముగా గీయుడు. నాలుగవ వారము మీకు బాకీయున్న వారిలో ఎవరి కంట పడకుండ తిరుగుచున్నారో, ఆయన యింటికి మీరే పోయి మాట్లాడుడు. నాలుగింటిలో రెండే చేసితిరా? చింతలేదు, తక్కిన రెండు వచ్చు నెలలో చేయవచ్చును. ఒక్కనాట అలవడిన గుణము ఒక్కనాటనే పోవును. నెమ్మదిగా వేరూనినదే నిలుచును.

వాన మన చేతిలో లేదు, ధర మన చేతిలో లేదు. మంచి యేడు మాత్రము ఎప్పుడో ఒకప్పుడు వచ్చును. ఆ సాయంకాలము ఆదోని నుండి మీరెక్కిన బస్సు ఎమ్మిగనూరు దాటకమునుపే విత్తనాల అంగడి బాకీ మీకు దానంతట జ్ఞప్తికి వచ్చినచో, ఈ అధ్యాయముతో మీకు పని తీరినట్లే. దీనిని ప్రక్క సీటులోని ఆయనకు ఇచ్చివేయుడు.